నీటిమీది అమావాస్య

విశ్వావసు నామ సంవత్సర భాద్రపద బహుళ అమావాస్య. లౌకిక గణనలో 2025 సెప్టెంబరు 21, ఆదివారం. సంగారెడ్డికి సమీపాన కల్పగూరు వద్ద మంజీరా తీరం ప్రాతఃకాలం నుండే జనంతో నిండినది. ఆ యేటి వర్షాలకు నది కూడా నిండుగానే ఉన్నది. మహాలయ అమావాస్య కావడం చేత ప్రతివారి చేతిలోనూ నువ్వుల పొట్లం, దర్భలు, చెంబు. ఆ జనంలో ఒక నడివయస్కుడు కొత్త ధోవతి కుచ్చెళ్ళు జారకుండా రెండు చేతులతో పట్టుకొని నిలబడి ఉన్నాడు. ముఖం చూస్తే శ్రీకాకుళం వైపు మనిషి అనిపిస్తుంది. నోరు విప్పితే తెలుగు రాదు.

ఆయన ఫిజీ దేశీయుడు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు కందిపంటను గురించిన శిక్షణ నిమిత్తం కొన్ని వారాలకై వచ్చిన వ్యవసాయాధికారి. 1972లో నెలకొన్న ఆ సంస్థకు దేశదేశాల నుండి ఇట్లాంటివారు వచ్చిపోవడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. వచ్చినవారు సాధారణంగా గోలకొండను, చార్మినారును చూడగోరుతారు. ఈయన మాత్రం తర్పణం చేయించేవారు ఎక్కడ ఉంటారని అడిగినాడు. తండ్రి గతించి రెండేళ్ళయినది. ఆ తండ్రి తన చివరి దినాలలో ఒక కాగితం కొడుకు చేతిలో పెట్టి, ఎన్నడైనా ఆ దేశం వెళ్తే మా తాతకు నీళ్ళు వదలిపెట్టు అని చెప్పినాడట.

మొదట ఎవరో దగ్గరగా ఉన్నదని నక్కవాగును చూపించినారు. పరిశ్రమల వ్యర్థజలాల వల్ల ఆ వాగు పడిన పాట్లు సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళినవే. తర్పణానికి ఒప్పుకొన్న వృద్ధ పురోహితులు ఆ మాట వినగానే చెవులు మూసుకొని, ‘పితృదేవతలకు ఆ నీళ్ళిస్తామా నాయనా, మంజీరకే పోదాం’ అన్నారు. సంగారెడ్డిలో ఎనిమిది పదులు దాటిన ఆ పండితులు బాల్యంలో ఉర్దూ చదువుకొన్నవారు. వచ్చినవానికి తెలిసినది ఫిజీ హిందీ. తెలుగువాని తాతకు తెలుగునేలపై తర్పణం గురించిన సంభాషణ అంతా దక్కనీ ఉర్దూకూ, భోజ్‌పురి అవధీలు కలిసిన ఆ హిందీకీ మధ్య ఎట్లాగో నడిచినది.

ఆ కాగితం ప్రవాసానుమతి పత్రానికి నకలు. ఫిజీ ప్రభుత్వ పురాలేఖాగారంలో ఇట్లాంటివి వేలకొద్దీ భద్రంగా ఉన్నవి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామం, దేహంపై గుర్తులు అని గళ్ళు. ఈ పత్రంలో వయస్సు 22. జిల్లా విశాఖపట్టణం, తాలూకా పాలకొండ. గ్రామం పేరును ఆంగ్ల గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసినాడు. దానికి దగ్గరగా వినిపించే గ్రామాలు ఆ ప్రాంతంలో నాలుగు ఉన్నవి. గుర్తు మాత్రం స్పష్టంగా ఉన్నది: ఎడమ మోకాలిపై మచ్చ. పదవ తరగతి ధ్రువపత్రంలో పుట్టుమచ్చలు వ్రాయించుకొనే తెలుగువారికి ఆ గడి వింతగా తోచదు. పాశమైలారం కర్మాగారాల ద్వారాల వద్ద గుత్తేదారు పుస్తకాలలో ఒడిశా, బిహారు యువకుల పేర్లూ ఊర్లూ ఎక్కే తీరు చూచినవారికి మిగిలిన గళ్ళు కూడా పరిచితమైనవే. మనిషిని అతని వారి నుండి వేరు చేసి తీసికొని పోయే ప్రతి వ్యవస్థకూ మొదట కావలసినది ఒక పట్టిక.

చెరకు తోటలలో పనికై ఫిజీకి భారతీయులను కొనిపోవడం 1879లో లియోనిడాస్ అనే తెరచాప ఓడతో కలకత్తా నుండి మొదలైనది. 1916 వరకు 87 ఓడ ప్రయాణాలలో 60 వేలకు పైగా జనం అట్లా వెళ్ళినారు. మద్రాసు రేవు నుండి ఈ ప్రయాణాలు 1903లో ఆరంభమైనవి. ఆ మార్గాన పోయినవారు సుమారు 15 వేలు. వారిలో ఉత్తర ఆర్కాటు, తంజావూరు, మలబారువారితో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్టణం జిల్లాల తెలుగువారు ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంట్ అనే ఆంగ్లపదం శ్రామికుల నోళ్ళలో నలిగి గిర్మిట్ అయినది, వారు గిర్మిటియాలు అయినారు. ఐదేళ్ళు ముగిసినా స్వంత ఖర్చుతో తప్ప తిరిగి రాలేరు. ఉచితంగా ఓడ ఎక్కాలంటే పదేళ్ళు అక్కడ ఉండవలసినదే.

తెరచాప ఓడకు ఆ ప్రయాణం సగటున 73 దినాలు పట్టేది. ధూమనౌకలు వచ్చిన తరువాత సుమారు 30 దినాలకు తగ్గినది. చరిత్రకారులు దీనిని ప్రగతిగా వ్రాస్తారు, అది నిజమే. ఓడలో వ్యాధులు, మరణాలు తగ్గినవి. అయితే ఆ ముప్పది అనే సంఖ్య విన్నప్పుడు పురోహితులు వ్రేళ్ళపై లెక్కపెట్టి, ‘ఒక చాంద్రమాసం’ అన్నారు. పాడ్యమి నుండి పాడ్యమి వరకు ఇరవైతొమ్మిదిన్నర దినాలు. అంటే ఆ ధూమనౌక ఎక్కిన ప్రతివాడు అన్ని తిథులనూ నీటిమీదనే దాటినాడు. ఏ దినాన బయలుదేరినా సరే, నడిసముద్రంలో ఒక అమావాస్య వాని కోసం వేచి ఉన్నది.

ముత్తాత 1912లో మద్రాసులో ఓడ ఎక్కినాడు. తండ్రి అప్పటికే లేడు. ఇంట తల్లి ఒక్కతే. పంటకోతలకు వస్తానని ఆమెతో చెప్పి వచ్చినాడు. పని ఎక్కడ అని ఆమె అడిగితే మద్రాసు అన్నాడు. దళారి అతనికి చెప్పినదీ అంతకంటె పెద్దగా ఏమీ లేదు. ఆ ఓడల యజమానులైన నౌర్స్ సంస్థవారు తమ ఓడలకు నదుల పేర్లు పెట్టేవారు: గంగ, సింధు, యమున, సట్లెజ్, చీనాబ్. జన్మలో గంగను చూడనివారు గంగ అనే ఇనుప ఓడ ఎక్కి లవణసముద్రంలోకి పోయినారు. కలశారాధనలో సప్తనదులను చెంబెడు నీటిలోకి ఆవాహన చేసేవారికి ఈ నామకరణం కొంచెం బాధ కలిగించక మానదు.

ముత్తాత తన కొడుకుకు చెప్పినవి, ఆ కొడుకు తన కొడుకుకు చెప్పినవి మూడు నాలుగు విషయాలే. తరతరానికీ అరిగి అరిగి అవే మిగిలినవి. మొదటిది దీపం. మద్రాసు ఉన్నత న్యాయస్థాన భవనం గోపురంపై ఆ రోజులలో దీపస్తంభం ఉండేది. సంధ్య దాటిన తరువాత తీరం కనబడలేదు, ఊరు కనబడలేదు, ఆ దీపం మాత్రం చాలాసేపు కనబడినది. పైభాగాన నిలబడినవారంతా దానినే చూస్తున్నారు. అది కూడా పోయిన తరువాత ఎవరూ క్రిందికి దిగలేదు. సిబ్బంది వచ్చి దింపినారు.

రెండవది అన్నం. ఒంటరి పురుషులకు ఓడ ముందుభాగాన, దంపతులకు మధ్యన, ఒంటరి స్త్రీలకు వెనుకభాగాన చోటు. వంట అందరికీ ఒక్కటే. ఎవరు వండినారో, ఎవరి సరసన కూర్చున్నామో తెలియని ఆ అన్నాన్ని మొదటి దినం సగంమంది ముట్టలేదు. ముత్తాత రెండు దినాలు మంచినీళ్ళతో గడిపినాడు. మూడవనాడు ఓడ తీవ్రంగా ఊగుతుండగా ప్రక్కనున్న తమిళ యువకుడు తన పళ్ళెంలోని పిడికెడు అన్నం ఇతని నోట పెట్టినాడు. అప్పటి నుండి ప్రాణం పోయేదాకా వారిద్దరూ అన్నదమ్ములు. ఫిజీలో అట్టి బంధానికి జహాజీ భాయి అని పేరు. ఆ బంధుత్వంలో వివాహాలు కూడా నిషిద్ధమని పాటించిన కుటుంబాలు ఉన్నవట. ఒకే ఓడ ఒకే గర్భం అన్నమాట.

మూడవది మరణం. దిగువ అంతస్తులో ఒక పసిబిడ్డ జ్వరంతో పోయినది. ఓడ వైద్యునికి సజీవంగా ఒడ్డుకు చేర్చిన తలకు ఇంత అని పారితోషికం ఉండేది, కనుక అతడు చేయగలిగినదంతా చేసే ఉంటాడు. రాత్రివేళ గోనెగుడ్డలో చుట్టి సముద్రానికి ఇచ్చినారు. యంత్రం చప్పుడు ఒక్క క్షణమైనా ఆగలేదని ముత్తాత చెప్పేవాడట. తెరచాప ఓడలో గాలి ఆగితే నిశ్శబ్దం ఉంటుంది. ధూమనౌకలో ఏడ్చేవారికి ఆ అవకాశం కూడా లేదు.

నాలుగవది అమావాస్య. నక్షత్రాలు దట్టంగా ఉన్న ఆ రాత్రికి మరునాడు చంద్రుడు రాడని గ్రహించి, తండ్రికి ఏటేటా ఊరిలో చేసినది జ్ఞాపకం వచ్చి, అతడు తన వంతు త్రాగునీటిని ఒక లోటాలో దాచుకొన్నాడు. తెల్లవారుజామున కడ్డీల సందు నుండి చేయి చాచి ఆ నీటిని సముద్రంలోకి వదలినాడు. నువ్వులు లేవు, మంత్రం లేదు, దక్షిణదిక్కు ఏదో తెలియదు. చెప్పడానికి తండ్రి పేరు ఒక్కటే ఉన్నది. ఉప్పునీటిలోకి మంచినీరు పోసినందుకు చూచినవారు నవ్వినారట. దాహంతో ఉండవలసి వచ్చినందుకు అతనికి ఆ దినం బాగా జ్ఞాపకం ఉండిపోయినది.

ఈ వృత్తాంతం విన్నప్పుడు పురోహితులు చాలాసేపు మాట్లాడలేదు. సముద్రాన్ని మామూలు దినాలలో స్పృశించరాదని, పర్వదినాలలో మాత్రమే అది స్నానతర్పణాలకు యోగ్యమని శాస్త్రం. అమావాస్య పర్వదినం. ఆ నిరక్షరాస్యుడు తనకు తెలియకుండానే శాస్త్రం అనుమతించిన దినాన, శాస్త్రం తీర్థమని చెప్పిన చోట, తండ్రి పేరు చెప్పి నీరు వదలినాడు. తిలలు లేకపోవడం లోపమే. అయితే దాహంతో ఉన్నవాడు తన నోటి నీటిని ఇవ్వడం తిలలకంటె తక్కువ అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

సముద్రయానాన్ని గురించి శాస్త్రగ్రంథాలు ఒక్క గొంతుతో మాట్లాడవు. బోధాయనుడు పతనహేతువులలో దానిని మొట్టమొదట చేర్చినాడు. మనువు సముద్రయాయిని శ్రాద్ధపంక్తికి పనికిరాడన్నాడు. అదే మనువు ఎనిమిదవ అధ్యాయంలో సముద్రయాన కుశలులైన వర్తకులు వడ్డీని నిర్ణయించవచ్చునని వ్యవహారం చెప్పినాడు. ఋగ్వేదంలోనైతే నడిసముద్రంలో చిక్కిన తుగ్రపుత్రుడు భుజ్యుని అశ్వినీదేవతలు నూరు తెడ్ల నావలో ఇంటికి చేర్చినారు. దేవతలే రక్షించినవానిని వెలివేయడం ఎట్లా? కలియుగంలో వర్జ్యమని నిబంధనకారులు చెప్పినది కూడా ద్విజులను ఉద్దేశించి. 1888లో విద్యార్థిగా లండను బయలుదేరిన గాంధీని బొంబాయిలో కులపెద్దలు వెలివేసినారు. తిరిగి వచ్చిన తరువాత ఆయనకు నాసిక్‌లో స్నానం చేయించినారు. చదువుకొన్నవానికి అట్లా ఒక మార్గం దొరికినది. ఫిజీ ఓడలు ఎక్కినవారిలో అధికులు నాగలిపట్టిన కుటుంబాలవారు. నిషేధవాక్యం వారిని ఉద్దేశించినది కాదు. నాసిక్ స్నానం చేయించడానికి వారికి అన్న ఎవరూ లేడు. గ్రంథం నిషేధించినది ఒకరిని, ఫలం అనుభవించినది మరొకరు. ఈ విషయంలో పండితులు సిగ్గుపడవలసినది కొంత ఉన్నది.

అసలు కష్టం నిషేధం దగ్గర లేదు. దేశాంతరం పోయి పన్నెండేళ్ళు వార్త లేనివానికి ఏమి చేయాలి అన్న ప్రశ్నకు ధర్మశాస్త్రం సమాధానం చెప్పినది. మూడువందల అరువది మోదుగ కాడలతో, దర్భలతో మనిషి ఆకారం కట్టి, దానికి దహనం చేసి, పిండప్రదానం చేయాలి. పలాశవిధి అని దీనికి పేరు. పురోహితులు ఈ మాట యథాలాపంగా చెప్పినారు. విన్న గృహస్థు ఒక్కసారి ఆగిపోయినాడు. 1912కు పన్నెండు కలిపితే 1924. ఆ యేడు ముత్తాత నౌసోరి దగ్గర కౌలుభూమిలో చెరకు వేస్తున్నాడు. పెండ్లియై ఇద్దరు బిడ్డల తండ్రి. ‘అప్పుడు ఆయన తల్లి ఆయనను కాల్చి ఉంటుందా?’ అని అడిగినాడు.

చేసి ఉండవచ్చును, చేయించేవారు ఉంటే. ఇటు ముత్తాత ఏటేటా మహాలయ అమావాస్యకు తల్లి పేర ఒక విస్తరి వేసేవాడు. ఆమె బ్రతికి ఉన్నదో లేదో అతనికి తెలియదు. బ్రతికి ఉన్నవారికి ఒకరికొకరు ఉత్తరక్రియలు జరుపుకొంటూ, నడుమ అంత సముద్రం.

పోయినాడనుకొన్నవాడు తిరిగి వస్తే ఏమి చేయాలో కూడా శాస్త్రం చెప్పినదని పురోహితులు ఆయనను ఊరడించబోయినారు. నేతికుండలో ముంచి తీసి, స్నానం చేయించి, అప్పుడే పుట్టిన శిశువుకు వలె జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్ళీ చేస్తారు. తన భార్యనే మళ్ళీ పెండ్లాడుతాడు. గృహస్థు విని, ‘తిరిగి రాకపోతే?’ అన్నాడు. తిరిగి రాక, చనిపోక, ఒకచోట బూడిదయై మరొకచోట చెరకు నరుకుతూ ఉన్నవాని సంగతి ఏమిటి? వృద్ధులు దర్భలు సవరించుకొంటూ ఉండిపోయినారు.

ఆ సమయాన వారికి పది అడుగుల దూరంలో ఇద్దరు ఒడియా యువకులు నిలబడి ఉన్నారు. ఆ సంవత్సరం జూన్ 30న, ఆషాఢమాసారంభంలో, పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో సంభవించిన విస్ఫోటనంలో నలభైమందికి పైగా అసువులు బాసినారు. వారిలో చాలామంది దూరరాష్ట్రాల నుండి వచ్చినవారు. కొందరి దేహాలు దొరకనే లేదు. వారి ఇళ్ళలో దేహం లేకుండానే క్రియలు జరుపవలసి వచ్చినది. పలాశవిధి పాతగ్రంథాలలోని వింత కాదని ఆ ఆషాఢంలో ఈ ప్రాంతానికి తెలిసినది. యువకులిద్దరూ తమతో ఒకే గదిలో అద్దెకు ఉన్న మిత్రునికి నీళ్ళు వదలగోరుతున్నారు. బంధువులు కారు, వాని గోత్రం తెలియదు, ఊరు మాత్రం తెలుసు. తమకు అధికారం ఉన్నదా అని వారి సందేహం. ఉన్నదని పురోహితులు వెంటనే చెప్పినారు. తర్పణక్రమంలో పితృమాతృవర్గాల తరువాత గురువుకు, మిత్రునికి కూడా స్థానం ఉన్నది. గోత్రం తెలియనివారికి కాశ్యపగోత్రం చెప్పాలని పెద్దలు చెప్పినారు. యువకులు హిందీలో ‘ఒకే గది’ అంటూ ఉంటే ఫిజీ గృహస్థు వారివైపు తిరిగి, ‘జహాజీ భాయి’ అన్నాడు. వారికి ఆ మాట అర్థం కాలేదు. ఆయన వివరించలేదు.

నలుగురూ కలిసే నదిలోకి దిగినారు. సంకల్పం మొదలైనది. సంగారెడ్డివారు నిత్యం చెప్పుకొనేదే: శ్రీశైలానికి వాయవ్యాన, కృష్ణాగోదావరుల నడుమ. పురోహితులు ముందు చెబుతూ ఉంటే వెనుక మూడు వేర్వేరు ఉచ్చారణలు. ముత్తాతకు, ఆయన తండ్రికి, పేరు తెలియని ఆయన తల్లికి కాశ్యపగోత్రంతోనే తిలోదకం ఇచ్చినారు. చివరన, బంధువులైనవారికి, కానివారికి, మరే జన్మలోనైనా బంధువులైనవారికి, ఇచ్చేవారు లేనివారందరికీ వదలే నీటిని నలుగురూ వదలినారు. ఆ దోసిలికి మాత్రం ఎవరి పేరూ చెప్పనక్కరలేదు. అది ఎవరికి చెందాలో వారికి చెందుతుందని పురోహితులు హిందీలో అర్థం చెప్పినప్పుడు, ఆ పసిబిడ్డ కూడానా అని గృహస్థు అడిగినాడు. ఔనన్నారు.

ఒడ్డున తడిబట్టలు పిండుకొన్న తరువాత ఆయన ఒక కోరిక కోరినాడు. ఏటేటా తానే చేసుకొనడానికి వీలుగా సంకల్పం హిందీ లిపిలో వ్రాసి ఇమ్మన్నాడు. పురోహితులు కాలభాగం సులభంగానే వ్రాసినారు, అక్కడి సూర్యోదయానికి ఉన్న తిథినే గ్రహించాలని, ఇక్కడి పంచాంగం చూచి మోసపోవద్దని ఒక హెచ్చరికతో. దేశభాగం దగ్గర కలం ఆగినది. లవణసముద్రం దాటినవానికి జంబూద్వీపం చెప్పవచ్చునా? భరతఖండం చెప్పరాదు. కొంత ఆలోచించి ‘భూలోకే’ అని, తరువాత ‘ఫిజీద్వీపే’ అని వ్రాసినారు. సమీపాన నది ఏమైనా ఉన్నదా అని అడిగినారు.

‘ఉన్నది. మా నౌసోరి ఊరు దాని ఒడ్డునే. రేవా.’

పెద్దలు తలయెత్తి మళ్ళీ చెప్పమన్నారు. రేవా అని మళ్ళీ చెప్పినాడు. ఆ నదికి ఆ పేరు పెట్టినది భారతీయులు కాదు, అది ఆ ద్వీపవాసుల స్వంతమాట, ఫిజీలోని నదులలో అదే పెద్దది అని వివరించినాడు. రేవా అంటే నర్మదకు మరొక పేరు అని వృద్ధులు చెప్పినారు. నిత్యం కలశంలోకి ఆవాహన చేసే ఏడింటిలో ఒకటి. ముత్తాతకు ఈ సంగతి తెలిసి ఉండదు. తెలిసినవారెవరూ ఆ ఓడలో ఆయనకు చెప్పినట్లు లేదు.

‘రేవానదీతీరే’ అని వ్రాసి, చదవమన్నారు. ఆయన చదివినాడు. ‘వా’ దీర్ఘం పోయినది. మళ్ళీ చదివించినారు. మూడవసారికి సరిగా వచ్చినది. పటాన్‌చెరు బస్సుకు వేళైనదని యువకులు పిలుస్తున్నారు. ఆయన ఆ కాగితాన్ని ప్రవాసపత్రపు నకలులో పెట్టి మడిచి, తడి ధోవతితోనే గట్టెక్కినాడు.